అత్తయ్యగారి పెరడు, నా పార్కింగ్ టైల్స్

మా పెరటికి టైల్స్ వేయించింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే చదువుతూ చదువుతూ మీరు నా మీద జాలిపడే ప్రమాదం ఉంది.

2014 సంగతి. మా మరిది పెళ్ళి కుదిరింది. తెనాలిలో మాది పెంకుటిల్లు పడగొట్టి కట్టిన డాబా. ముందు చిన్న వాకిలి, వెనక మాత్రం ఇంటికంటే పెద్ద పెరడు. పెరడంతా అత్తయ్యగారి చెట్లే. వానొస్తే బురద, చెప్పులకంటిన ఆ మట్టి హాల్లోకి వచ్చేది. ఏడాదికి ఒక్కసారైనా పాము కనిపించేది. జెర్రులకైతే లెక్కే లేదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, రాలిన ఆకులు రోజుకి రెండుసార్లు ఊడ్చేది నేను. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి పదమూడేళ్ళు ఊడ్చాను.

"ఇవన్నీ తీయించేసి పార్కింగ్ టైల్స్ వేయిద్దామండీ. పెళ్ళి వంటలకీ బావుంటుంది, తర్వాత కారూ లోపల పెట్టుకోవచ్చు" అని మావారితో అన్నాను. ఆయన వాళ్ళమ్మ వంక చూశారు.

"మీ ఇష్టం. ఊడ్చుకునేది అదే కదా" అన్నారు అత్తయ్యగారు.

అంతే. వారం తిరక్కుండా పని అయిపోయింది. ఒక మూల కరివేపాకు చెట్టు, తులసికోట మిగిల్చాం. పనివాళ్ళు చెట్లు కొట్టి ట్రాక్టర్లో వేసుకెళ్ళిన రోజు ఆవిడ పొద్దున్నే గుడికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక గానీ రాలేదు. నేను అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు. పెళ్ళి పనుల్లో ఎవరు ఎప్పుడొచ్చారో ఎవరు చూస్తారు?

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా అమ్మాయి వల్ల. అది హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదువుతోంది. మొన్న దసరా సెలవులకి వస్తూ ఒక పని వెంటబెట్టుకొచ్చింది. నీకు బాగా తెలిసిన తోట ఒకటి ఎంచుకుని, దాని ప్లాన్ గీసి, అది అలా ఎందుకు ఉందో రాయాలట. తోటల చరిత్ర మీద రెండు లావుపాటి పుస్తకాలు కూడా మోసుకొచ్చింది. నాకు అచ్చులో కనిపించింది చదవకుండా ఉండలేని జబ్బు ఉందని మీకు తెలుసు కదా. బి.ఏ. తెలుగు చేసి, ఇరవై ఏళ్ళకు పైగా పప్పు పొట్లం కాగితాలు కూడా విప్పి చదివిన దాన్ని. అది పడుకున్నాక ఆ పుస్తకాలు తెచ్చుకుని వంటింట్లో స్టూలు మీద కూర్చుని తిరగేశాను. అర్థంకాని మాటలు మర్నాడు దాన్నడిగి తెలుసుకున్నాను.

వాటిలో నన్ను ఆపేసిన ప్రశ్న ఒకటుంది. తోట కళేనా?

ఆ ప్రశ్న నాకు మొదట విచిత్రంగా అనిపించింది. సంగీతం కళ, నాట్యం కళ, బొమ్మలు గీయడం కళ. చెట్లకి నీళ్ళు పోయడం కళేమిటి, పని కదా అనుకున్నాను. కానీ పెద్దపెద్ద వాళ్ళే దీని మీద తలలు బద్దలు కొట్టుకున్నారు. కాంట్ అనే జర్మన్ తత్త్వవేత్త 1790లో సౌందర్యం గురించి రాసిన పుస్తకంలో కళలన్నిటినీ వర్గాలుగా విడదీస్తూ, తోటను తీర్చిదిద్దడాన్ని చిత్రలేఖనం కింద చేర్చాడు. ఒకరు రంగులతో చేసేది ఇంకొకరు గడ్డితో, పూలతో, చెట్లతో, నీళ్ళతో చేస్తారని ఆయన భావం. అయితే అది కేవలం కంటికోసం ఉండాలి, ఏ ప్రయోజనమూ చూసుకోకుండా ఉండాలి. అలా అయితే బచ్చలితీగ కళలోకి రాదు. మా పెరట్లో మునగచెట్టూ రాదు.

మనవాళ్ళు ఈ గీత గీయలేదు. వాత్స్యాయనుడి కామసూత్రాలలో, పేరు వినగానే ముఖం చిట్లించకండి, అరవై నాలుగు కళల జాబితా ఉంది. అందులో పాటా, నాట్యమూ, బొమ్మలు గీయడమూ ఉన్నచోటే వృక్షాయుర్వేదం కూడా ఉంది, అంటే చెట్లను పెంచడం, వాటి రోగాలు కుదర్చడం. ఇంకా ముందుకెళితే, ఇల్లాలు ఇంటి దగ్గర తోట ఎలా వేసుకోవాలో కూడా చెప్పాడు. ఆకుకూరల మడులు, చెరకు, జీలకర్ర, ఆవాలు, వాము ఒకవైపు. మల్లె, జాజి, నందివర్ధనం, మందారం ఇంకొకవైపు. కూర్చోడానికి అరుగులు. మధ్యలో బావో, కొలనో. కూరకి పనికొచ్చేదీ కంటికి పనికొచ్చేదీ పక్కపక్కనే పెట్టి, ఆ పనంతా భార్య చేతిలో పెట్టాడు. అది చదువుతుంటే నాకు మా పెరడే గుర్తొచ్చింది. మా ఇంట్లోనూ బావి ఉండేది. దాని మీద ఇప్పుడు సిమెంటు మూత ఉంది.

మర్నాడు పొద్దున అమ్మాయి కాఫీ తాగుతూ, "నేను పబ్లిక్ గార్డెన్స్ తీసుకుందామనుకున్నానమ్మా. కానీ నాకు బాగా తెలిసిన తోట అంటే నాయనమ్మ పెరడే. పదేళ్ళొచ్చేదాకా అందులోనే కదా ఆడుకున్నాను" అంది.

"ఇప్పుడేముంది అక్కడ, టైల్స్ తప్ప" అన్నాను.

"నాయనమ్మకి గుర్తుంటుందిగా" అని ఆవిడ దగ్గరికి పోయింది.

అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మనవరాలు కాగితం, పెన్సిలు ఇస్తే, "నాకు ఈ గీతలు రావే" అని పక్కన పెట్టేశారు. కాసేపాగి లేచి వంటింట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చుకున్నారు. కుర్చీ వేయించుకుని, మధ్యమధ్య కూర్చుంటూ, ఆ టైల్స్ మీదే ఒక్కో చెట్టు ఉన్నచోట ముగ్గుతో చుక్క పెట్టడం మొదలుపెట్టారు. అమ్మాయి వెనకాలే పేర్లు రాసుకుంటోంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను.

"ఇక్కడ నందివర్ధనం. తూర్పు గోడ పక్కన. పూజవేళకి చెయ్యి చాస్తే అందాలి. ఇది స్నానాలగది నీళ్ళు పోయే కాలవ, దాని వెంట అరటి. ఆ నీళ్ళు వృథాగా పోకుండా. కరివేపాకు వంటింటి గుమ్మం దగ్గర. పులిసిన మజ్జిగ ఎదురుగా పారబోస్తే దానికి బలం. మల్లెపందిరి మీ తాతగారి మంచం పక్కన. ఎండాకాలం ఆయన బయటే పడుకునేవారు. చంద్రకాంతలు ఇక్కడ, సాయంత్రం మీ నాన్న స్కూలు నుంచి వచ్చే వేళకి పూసేవి."

"ఇక్కడెందుకు ఏమీ పెట్టలేదు నాయనమ్మా, ఇంత ఖాళీ?"

"ఖాళీ కాదే అది. గాలి రావాలి వంటింట్లోకి. అక్కడ చెట్టు పెడితే మీ అమ్మ ఉడికిపోదూ?"

నేను కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయాను. పదమూడేళ్ళు ఆ ఖాళీని ఊడ్చాను. అది నా కోసం వదిలిన ఖాళీ అని నాకు తెలియదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ పెరట్లో పువ్వు లేని నెల లేదట. అలా లేకుండా చూసి మరీ నాటారట. ఎండాకాలం మల్లెలు. వానలు మొదలయ్యాక జాజులు. దసరా రోజులకి పారిజాతం. చలికాలం చామంతులు, డిసెంబరాలు. కనకాంబరాలు, మందారాలు ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు పూస్తూనే ఉంటాయి. అమ్మాయి పుస్తకంలో గెర్ట్రూడ్ జెకిల్ అనే ఇంగ్లండ్ ఆవిడ గురించి ఉంది. 1843లో పుట్టి 1932లో పోయింది. బొమ్మలు గీయడం నేర్చుకుని, చూపు మందగిస్తుంటే తోటల వైపు వచ్చింది. ఏ రంగు పువ్వు పక్కన ఏ రంగు ఉండాలి, ఒకటి వాడిపోయే వేళకి దాని చోటును ఏది కప్పాలి అని ఆలోచించి నాలుగు వందల దాకా తోటలకి ప్లాన్లు గీసింది. ఆవిడ మీద పుస్తకాలున్నాయి, ఆవిడ గీసిన ప్లాన్లు భద్రంగా దాచారు. అత్తయ్యగారు చేసింది ఒక్క తోటే. ప్లాన్ ఆవిడ తలలో ఉంది. దాన్ని నేను నాలుగు ట్రాక్టర్లలో పంపించేశాను.

చివర్లో పడమటి గోడ మూల ఒక చుక్క పెట్టి, ఆవిడ కాసేపు కుర్చీలో కూర్చున్నారు.

"ఇది సన్నజాజి. పెళ్ళయి వచ్చేటప్పుడు మా అమ్మ కుండలో పెట్టి ఇచ్చింది. బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను."

అంతే అన్నారు. నా వంక చూడలేదు, దెప్పలేదు. దెప్పినా బావుండేదనిపించింది.

చదువుకునే రోజుల్లో నంది తిమ్మన పారిజాతాపహరణం మాకు పాఠంగా ఉండేది. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు, సత్యభామ అలుగుతుంది, చివరికి ఆయన స్వర్గం నుంచి ఏకంగా చెట్టునే తెచ్చి ఆవిడ పెరట్లో నాటతాడు. అదంతా సవతుల పోరు, సత్యభామ పొగరు అని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. పువ్వు ఎవరో ఒకరు దయతలచి ఇచ్చేది. చెట్టు అలా కాదు, అది మన పెరట్లో మనది. మా అత్తయ్యగారికి ఈ ఇంట్లో ఆవిడదంటూ ఉన్నది ఆ సన్నజాజి. ఇల్లు మావయ్యగారి పేరున ఉండేది, ఇప్పుడు కొడుకుల పేరున ఉంది. తర్వాత పెత్తనం నాకొచ్చింది. ఆ తీగ ఒక్కటే ఆవిడ వెంట వచ్చింది.

ఇక్కడిదాకా చదివాక మీలో సగంమంది నన్ను తిడుతూ ఉండొచ్చు. మిగతా సగం, "ఊడ్చేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ" అనుకుంటూ ఉంటారు. ఆ రెండో సగం మాటను నేను కొట్టిపారేయలేను. "పచ్చదనం, ప్రకృతి" అని కుర్చీలో కూర్చుని చెప్పేవాళ్ళ చేతికి ఒక్కరోజు చీపురిచ్చి చూడాలి. పారిజాతం కింద ఆకులూ పూలూ వానకి తడిసి నేలకతుక్కుంటే ఊడ్చడం ఎంత కష్టమో ఆ పువ్వును పొగిడేవాళ్ళకి తెలియదు. నా నడుము నొప్పి అబద్ధం కాదు. పిల్ల చిన్నప్పుడు పెరట్లో పాము కనిపించి నేను పడ్డ భయమూ అబద్ధం కాదు.

మరి ఒకే పెరడు ఆవిడకి అంత గొప్పదీ, నాకు అంత చాకిరీ ఎలా అయింది? ఈ ప్రశ్నకి జవాబు నాకు ఆ పుస్తకాల్లోనే దొరికింది. వాళ్ళు ఆ మాట చెప్పలేదు గానీ, వరసగా చదివితే నాకు కనిపించింది.

ఫ్రాన్సులో వెర్సాయ్ తోట ఉంది. పద్నాలుగో లూయీ రాజు కోసం ఆంద్రే ల నోత్ర్ అనే ఆయన వేసింది. చెట్లన్నీ కొలబద్దతో కత్తిరించినట్టు, దారులన్నీ దారం పట్టి గీసినట్టు ఉంటాయి. ఆ తోటను ఎటునుంచి ఎటు నడుస్తూ చూడాలో రాజుగారే స్వయంగా రాసిపెట్టాడు. అక్కడి ఫౌంటెన్లన్నీ ఒకేసారి ఆడించడానికి నీళ్ళు చాలేవి కావు. అందుకని రాజు నడిచివస్తుంటే తోటమాలులు ఈలలు వేసుకుని ముందువైపు ఫౌంటెన్లు విప్పి, ఆయన దాటిపోగానే వెనకవి కట్టేసేవారు. చుట్టాలొచ్చినప్పుడు మనం ఏసీ వేసి, వాళ్ళు గుమ్మం దిగగానే కట్టేసినట్టు. రాజుకి అది కళ. చెవులు రిక్కించుకుని ఈల కోసం కాచుకున్నవాడికి అది డ్యూటీ.

ఇంగ్లండ్‌లో ఆ కొలబద్ద తోటలు మొహంమొత్తాయి. పద్దెనిమిదో శతాబ్దంలో లాన్సెలాట్ బ్రౌన్ అనే ఆయన అవన్నీ తీయించి, గడ్డిమైదానాలూ చెరువులూ చెట్లగుంపులతో దేవుడు చేసినట్టే ఉండేలా తోటలు వేశాడు. చూడ్డానికి ఎంతో సహజం. కానీ డోర్సెట్‌లో ఒక ప్రభువు తన భవనం ఎదుట ఊరు అడ్డంగా ఉందని, చూపుకి బావుండలేదని, మొత్తం ఊరినే పడగొట్టించి దూరంగా ఇంకోచోట కట్టించాడు. కొత్త ఊరు కట్టడంలో ఈ బ్రౌన్ చెయ్యి కూడా ఉంది. మిల్టన్ ఆబస్ అని ఆ కొత్త ఊరు ఇప్పటికీ ఉంది, అందంగా ఉంటుందట. అది చదివి పుస్తకం మూసేశాను. నేను చేసిందీ అదే కదా. వంటింటి కిటికీలోంచి శుభ్రంగా కనిపించాలని ఇంకొకరి ఊరు ఎత్తించేశాను.

జపాన్‌లో క్యోటో నగరంలో ర్యోఆన్‌జీ అనే గుడి ఉంది. అక్కడి తోటలో చెట్టే లేదు. తెల్లటి సన్నరాళ్ళు పరిచిన చోట పదిహేను బండరాళ్ళు, వాటి చుట్టూ నాచు. అరుగు మీద ఎక్కడ కూర్చుని చూసినా పదిహేనూ ఒకేసారి కనిపించవు, ఒక్కటైనా దాక్కుంటుంది. ఆ రాళ్ళ మధ్య దంతెతో గీతలు తీయడం అక్కడి సాధువులకి ధ్యానంలాంటిది. చూశారా, వాళ్ళు ఊడిస్తే ధ్యానం, నేను ఊడిస్తే చాకిరీ అని మొదట ఉక్రోషం వచ్చింది. కానీ ఆ పేజీలోనే ఇంకొకటి ఉంది. అక్కడ ఒక రాయి వెనకవైపు రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. అవి ఆ తోట పనిచేసిన వాళ్ళవని అనుకుంటారు. ఆ కాలంలో తోటపనులు చేసినవాళ్ళు నదుల ఒడ్డున బతికే, సమాజం దూరం పెట్టిన మనుషులు. తమ పేర్లు ముందు చెక్కుకునే వీలులేక వెనక చెక్కుకున్నారో ఏమో. ముందు కూర్చుని చూసేవాళ్ళకి ఆ పేర్లు కనిపించవు.

మన దేశంలో బాబరు ఆగ్రా వేడికీ దుమ్ముకీ విసిగిపోయి, పారే నీళ్ళు లేవని బాధపడి, యమున ఒడ్డున తోట వేయించాడు. నలుచదరంగా నాలుగు భాగాలు, మధ్యలో నీటి కాలవలు, దాన్ని చార్‌బాగ్ అంటారు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చుట్టూ ఉన్నదీ ఆ పద్ధతే. దాన్ని కట్టించింది ఆయన భార్య హాజీ బేగం. ఆగ్రాలో తన తల్లిదండ్రుల సమాధి చుట్టూ అలాంటి తోటే వేయించింది నూర్జహాన్. రాణులైతే ఆడవాళ్ళ పేర్లు కూడా మిగులుతాయన్నమాట. మా అమ్మాయి రోజూ కాలేజీకి వెళ్ళే హైదరాబాదులో బషీర్‌బాగ్, మూసారాంబాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట అని బస్సుల మీద రాసి ఉంటుంది. బాగ్ అంటే తోట. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్లూ అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. పేర్లలో మాత్రం ఇంకా తోటలున్నాయి.

ఇవన్నీ చదివాక నాకు తోచింది ఇది. తోట ఖచ్చితంగా కళే. ఏ చెట్టు ఎక్కడ, ఎందుకు, ఏ నెలకి ఏ పువ్వు, ఎక్కడ ఖాళీ వదలాలి అని ఆలోచించినవాళ్ళకి అది కళ. ఆ ఆలోచనలో చోటు లేకుండా, ఊడ్చడం మాత్రం వంతుకొచ్చిన వాళ్ళకి అది చాకిరీ. చెట్టులోనూ తేడా లేదు, చీపురులోనూ లేదు. తేడా అంతా నిర్ణయం ఎవరిదన్న దాంట్లో ఉంది.

మా ఇంట్లో జరిగింది అదే. అత్తయ్యగారు నాకు చీపురిచ్చారు గానీ, ఒక్క మొక్క ఎక్కడ పెట్టాలో నన్నెప్పుడూ అడగలేదు. నేను కొత్తల్లో ఒక గులాబీ తెచ్చి నాటితే, అక్కడ బతకదని పీకి ఇంకోచోట పెట్టారు. అది అక్కడా బతకలేదు. తర్వాత నేను ఇంకేమీ తేలేదు. అప్పటినుంచి ఆ పెరడు నాది కాదు. నాది కానిదాన్ని నేను ఎందుకు ఊడ్చాలి అని లోపల ఎక్కడో ఉండిపోయింది. పెత్తనం నా చేతికి రాగానే ఆవిడని అడగకుండానే తీయించేశాను. "మీ ఇష్టం" అన్నారు కదా అంటే, నేనూ పదమూడేళ్ళు "మీ ఇష్టం అత్తయ్యా" అన్నదాన్నే. ఆ మాటకి అర్థం నాకు తెలియకపోవడమేమిటి?

కాబట్టి పాత తోటలను కాపాడండి, పెరళ్ళను తవ్వకండి అని నీతులు చెప్పడానికి ఇది రాయడం లేదు. సిమెంటు చేయించుకున్న ప్రతి ఇల్లాలూ తప్పు చేసిందనీ అనను. నా మాట వేరు. మన ఇళ్ళలో పెరడు పోయేది చాలాసార్లు స్థలం చాలకనే కాదు. దాన్ని వేసినావిడ ఒక్కతే దాన్ని తనదనుకుంది, మిగతా అందరికీ అది పని. ఆవిడకి ఓపిక తగ్గగానే దానికి దిక్కు లేదు. వంటలూ పిండివంటలూ కోడళ్ళకి నేర్పినట్టు పెరడు నేర్పం. "ఇక్కడ నువ్వేం వేస్తావు?" అని కోడలిని అడిగే అత్తగారు ఎంతమంది ఉన్నారు? మరి "ఇది ఇక్కడెందుకు వేశారత్తయ్యా?" అని అడిగే కోడళ్ళు మాత్రం ఎంతమంది ఉన్నాం? నేను ఒక్కసారి అడిగి ఉంటే ఆ ఖాళీ సంగతి తెలిసేది. తెలిస్తే బహుశా పార్కింగ్ టైల్స్ మూడొంతులే వేయించేదాన్ని.

ఆలిస్ వాకర్ అనే అమెరికన్ నల్లజాతి రచయిత్రి 1974లో రాసిన వ్యాసంలో వాళ్ళమ్మ తోట గురించి రాసిందని అమ్మాయి చెప్పింది. ఆవిడ పొలాల్లో కూలిపనులు చేస్తూ, పిల్లలను పెంచుతూ, ఆ మిగిలిన కాస్త పొద్దులోనే ఇంటి చుట్టూ రకరకాల పూలమొక్కలు వేసేదట. దారినపోయే ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా ఆగి, లోపలికొచ్చి కాసేపు నిలబడతామని అడిగేవారట. రాయడం, బొమ్మలు గీయడం అందుబాటులో లేని ఆడవాళ్ళు తమ కళను ఎక్కడ పెట్టుకున్నారో వెతుకుతూ ఆ కూతురు అమ్మ తోట దగ్గర ఆగింది. కూతురు రచయిత్రి కాబట్టి ఆ తోట లోకానికి తెలిసింది. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ దాన్ని తోట అని కూడా అనలేదు. పెరడు అన్నాం. ముందున్న వాకిలికి ముగ్గు, వెనక ఉన్నదానికి చీపురు.

అమ్మాయి ఆ ముగ్గుచుక్కలన్నీ డాబా మీదకెక్కి ఫోటో తీసుకుని ప్లాన్ గీసుకుంది. కాగితం మీద పైన తోట పేరు రాయాలట, కింద వేసినవారి పేరు. అత్తయ్యగారి పూర్తి పేరు రాసింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "నా పేరెందుకే, నవ్వుతారు" అన్నారు. కానీ కాగితం చాలాసేపు చేతిలోంచి వదల్లేదు. మర్నాడు పొద్దున నేను పెరటి గుమ్మం కడగబోతే, "చుక్కల మీద నీళ్ళు పోయకు, ఇంకా ఒకటి రెండు గుర్తొస్తాయేమో" అన్నారు.

దీపావళి వెళ్ళాక మావారితో చెప్పి పడమటి గోడ వెంట మూడడుగుల వెడల్పున టైల్స్ తీయించాను. పని చేయడానికి వచ్చినాయన, "అప్పుడు వేయించారు, ఇప్పుడు తీయిస్తున్నారు, ఏంటమ్మా" అని నవ్వాడు. కింద మట్టి రాయిలా బిగుసుకుపోయింది. తవ్వించి, పశువుల ఎరువు తెప్పించి కలిపించాను. ఇంతకీ సన్నజాజి ఎక్కడిది అంటారా? అత్తయ్యగారు ఏళ్ళ తరబడి వీధిలో అడిగినవాళ్ళందరికీ కొమ్మలు పంచారట, నాకు తెలియదు. రెండు వీధుల అవతల ఒకరింట్లో ఆ తీగ పిల్ల మేడ మీదకి పాకింది. వాళ్ళమ్మాయి ఒక కొమ్మ వంచి మట్టిలో పాతిపెట్టింది. వేళ్ళు పట్టాక కోసి తెచ్చి ఇచ్చింది. "మామ్మగారిదే కదండీ" అంది.

నేను దాన్ని గోడ మూల, ఆవిడ చుక్క పెట్టిన చోటే నాటబోయాను. అత్తయ్యగారు కుర్చీలోంచి, "అక్కడ కాదే. అప్పుడు పక్కింటివాళ్ళకి మేడ లేదు. ఇప్పుడు అక్కడ ఎండ తగలదు" అన్నారు.

"మరెక్కడ?" అన్నాను.

ఆవిడ కాసేపు ఆ మూడడుగుల మట్టి వంక చూశారు.

"నువ్వు చూడు. రోజూ కిటికీలోంచి చూసేది నువ్వు కదా, ఎండ ఎక్కడ పడుతుందో నీకే తెలియాలి" అన్నారు.

నాకు నిజంగా తెలియదు. వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వంటింటి కిటికీలోంచి ఎండ ఎక్కడెక్కడికి జరుగుతోందో చూశాను. తీగ అన్నాళ్ళూ కుండలోనే ఉంది. చివరికి బావి మూతకి కాస్త ఇవతల నాటాను. పక్కన ఒక గులాబీ కూడా తెచ్చి పెట్టాను. సన్నజాజి రెండు కొత్త ఆకులు వేసింది. గులాబీ సంగతి ఇంకా చెప్పలేను. అత్తయ్యగారు రోజూ దాన్ని అనుమానంగా చూస్తున్నారు గానీ, పీకమని మాత్రం అనడం లేదు.